గళ్లు ఎవరివైనా ఆధారాలు మనం రాద్దాం



ఈసారి పోడు గురించి కాదు, రిజర్వేషన్ గురించి కాదు, ఆట గురించి రాస్తున్న. ఫోన్‌లో రెండు నిమిషాల్లో అయిపోయే మినీ క్రాస్‌వర్డ్ గురించి. మన పేజీలో ఇదేంది అని స్క్రోల్ చేసి పోకండి. చివర్లో మీకు ఒక పని ఉంది.

నా మాట ముందే చెప్పేస్తా. గడినుడి నింపడం నేర్చుకోండి, దానికంటే ముఖ్యంగా తయారు చేయడం నేర్చుకోండి. ఆ గళ్లల్ల మనం కనిపించకపోవడానికి కారణం మన మాటలు గళ్లల్ల పట్టకపోవడం కాదు. ఆధారాలు రాసే బల్ల దగ్గర మనోళ్లు లేకపోవడం.

మనలో చాలామంది ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట దిక్కే ఉంటున్నం. ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి, అచ్చంపేట నుంచి వచ్చినోళ్లం. మేడ్చల్ హైవే మీద గోదాముల్ల, కంపెనీల్ల షిఫ్టులు చేసుకుంటూ, రూముకు నలుగురం కిరాయి పంచుకుంటూ, మిగిలిన టైంలో గ్రూప్స్‌కో ఎస్ఎస్‌సీకో చదువుకుంటున్నం. శామీర్‌పేట దిక్కు పోతే నల్సార్ లా యూనివర్సిటీ, బిట్స్ పిలానీ క్యాంపస్, ఇంకా ముందుకు పోతే జీనోమ్ వ్యాలీ. పెద్ద పెద్ద గేట్లు. ఆ గేట్ల ముందు నుంచే మన బస్సు పోతది. జేబీఎస్‌లో ఎక్కితే తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట. సీటు దొరికినా దొరక్కపోయినా చేతిలో ఫోన్ ఉంటది. ఆ టైం మొత్తం రీల్స్‌కే పోతున్నది. అందులో రెండు నిమిషాలు అడుగుతున్న.

ముందు ఆ ఆట కథ చెప్తా. ఆర్థర్ విన్ అనే ఆయన 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో మొదటి క్రాస్‌వర్డ్ అచ్చేయించిండు. న్యూయార్క్ టైమ్స్ చాలా ఏండ్లు ఇది పనికిమాలిన ఆట అని దూరం పెట్టి, చివరికి యుద్ధం నడుస్తుండగా 1942 ఫిబ్రవరి 15న మొదలుపెట్టింది. అదే పత్రిక 2014లో మినీ తెచ్చింది. ఐదు గళ్ల నిలువు, ఐదు గళ్ల అడ్డం. పెద్ద గడినుడి ముందర కూర్చునే తీరిక లేనోళ్లకు ఇది సరిపోయింది. టీ తాగేలోపు అయిపోతది.

తెలుగులో కూడా ఇది కొత్తదేం కాదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అని చేసిండు, ఆరుద్ర గళ్ల నుడికట్టు అని చేసిండు. అంత పెద్ద కవులు కూడా దీన్ని తక్కువ పనిగా చూడలేదు. ఇప్పుడు ఎక్కువమంది గడినుడి అంటున్నరు. తెలుగు గడినుడికి ఒక సొంత పద్ధతి ఉంది. ఇంగ్లీషులో ఒక గడికి ఒక లెటర్. తెలుగులో ఒక గడికి ఒక పూర్తి అక్షరం, ఒత్తుతో, గుణింతంతో సహా. మేడ్చల్ అని ఇంగ్లీషులో రాస్తే ఏడు గళ్లు కావాలె. తెలుగులో మే, డ్చ, ల్. మూడే. మేడారం మూడు, నాగోబా మూడు, ఇంద్రవెల్లి నాలుగు, జోడేఘాట్ నాలుగు. మన పేర్లన్నీ మినీ గళ్లల్ల బాగా సరిపోతయి. మరి ఎందుకు కనిపించయి?

ఆదివారం పూట మా రూముల ఐదారుగురు తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడుతరు. ఒకసారి పేపర్ల వచ్చిన గడినుడి ముందరేసుకుని కూసున్నం. త్యాగయ్య సమాధి ఉన్న ఊరు. లక్ష్మీదేవి కూర్చునే పువ్వు. కర్ణుని తల్లి. సముద్రానికి మూడక్షరాల సంస్కృతం పేరు. ఇట్లాంటి ఆధారాలు. ఇంటర్ చదువుతున్న ఒక చెల్లె కాసేపు చూసి పెన్ను పక్కన పెట్టి, "అన్నా, నాకు జనరల్ నాలెడ్జ్ రాదు" అన్నది. ఆ పిల్లకు వానాకాలంలో ఏ ఆకు కూరకు పనికొస్తది, ఏది పనికిరాదు అన్నది ఇరవై పేర్లతోటి తెలుసు. ఇప్పపువ్వు ఏ పొద్దుకు రాలుతదో తెలుసు. వాళ్ల నాయనమ్మ నుంచి నాలుగు తరాల ఇంటిపేర్లు, గోత్రాలు తప్పు లేకుండ చెప్తది. కానీ అది నాలెడ్జ్ లెక్కల రాదు అని ఆ పిల్లకు ఆ కాగితమే చెప్పింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ బయటికి నెట్టలేదు. ఖాళీ గళ్లు చూపించి, నీకు తెలిసింది ఇక్కడ అడగం అన్నరు, అంతే.

సంస్కృతం మాటల మీద నాకు కొట్లాట లేదు. తెలుగుల కలిసిపోయిన మాటలే అవి. కానీ ఒక లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్ల సంస్కృతం మా మాతృభాష అని రాయించుకున్నోళ్లు దేశం మొత్తంల 24,821 మంది. గోండి అని రాయించుకున్నోళ్లు దగ్గర దగ్గర 30 లక్షల మంది. కోయ అని రాయించుకున్నోళ్లు 4 లక్షల పైన. సంస్కృతం ఎనిమిదో షెడ్యూల్ల ఉంది. గోండి లేదు, కోయ లేదు, గోర్ బోలి లేదు. సంతాలీ, బోడో కొట్లాడి సాధించుకున్నయి. గడినుడి అనేది ఈ పెద్ద లెక్కకు చిన్న అద్దం. ఏ భాషకు కుర్చీ ఉందో ఆ భాషకే గడి కూడా ఉంది.

మనం అసలే లేమా అంటే ఉన్నం. ఎట్ల ఉన్నమో చూడండి. రాముడికి ఎంగిలి పండ్లు పెట్టినామె, శబరి. గురువుకు బొటనవేలు ఇచ్చినాయన, ఏకలవ్యుడు. అంటే ఎవరికో ఏదో ఇచ్చినప్పుడే మనం గళ్లల్లకు వస్తం. ఇంకో తీరు ఉంది, అది ఇంకా బాధ. "క్రూరుడు" అని ఆధారం ఇచ్చి కిరాతకుడు అని జవాబు రాయిస్తరు. "నాగరికత తెలియనివాడు" అని అడిగి ఆటవికుడు అని నింపిస్తరు. కిరాతులు అంటే అడవిల వేటాడి బతికే మనుషులు. ఆటవికుడు అంటే అడవిల ఉండేటోడు. ఒక జాతి పేరు తీసుకపోయి తిట్టుకు అర్థం చేసిన్రు. పేపర్ల హత్య వార్త వస్తే "కిరాతకంగా" అని హెడ్డింగు పెడతరు గదా, అదే మాట చిన్నపిల్లగాడు పెన్సిల్‌తోటి గళ్లల్ల దిద్దుతడు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడండి. తప్పు జవాబుల లేదు, ఆధారంల ఉంది. కిరాతుడు, నాలుగు గళ్లు. దానికి "దయలేనివాడు" అని రాయొచ్చు. "అర్జునుడితో తలపడడానికి శివుడు వేసుకున్న వేషం" అని కూడా రాయొచ్చు. అదే పురాణం, అదే మాట, అవే నాలుగు గళ్లు. ఒక ఆధారం మనల్ని రాక్షసుల పక్కన నిలబెడతది. ఇంకోటి దేవుడే మన వేషం వేసుకున్నడని గుర్తు చేస్తది. గళ్లు మార్చక్కర్లేదు. ఒక్క వాక్యం మారిస్తే చాలు. ఆ వాక్యం రాసే చేయి ఎవరిది అన్నదే నా ప్రశ్న.

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు. 2019 జనవరి 1న న్యూయార్క్ టైమ్స్ క్రాస్‌వర్డ్‌ల ఒక జవాబు వచ్చింది. బేస్‌బాల్ ఆటల తలకు తగిలేటట్టు విసిరే బంతి అని ఆధారం ఇచ్చిన్రు. కానీ ఆ మాట అక్కడి మెక్సికన్ మూలాలున్నోళ్లను తిట్టే బూతు మాట. గొడవైంది. ఎడిటర్ క్షమాపణ చెప్పుకుంటూ, ఆ తిట్టు తాము అంతకుముందు వినలేదన్నడు. అబద్ధం అని నేను అనను. నిజంగానే వినలేదు. ఆ మాట పడ్డోళ్లు ఒక్కరు ఆ గదిల ఉన్నా అది అచ్చు దాకా పోయేది కాదు. మంచి మనసు ఉంటే సరిపోదు, గదిల మనిషి ఉండాలె అనేది అందుకే.

వాళ్లు అక్కడ ఊరికే కూసోలేదు. 2018లో క్వీర్ క్రాస్‌వర్డ్స్ అని ఒక సంకలనం వచ్చింది, తయారు చేసినోళ్లంతా ఆ సమాజం వాళ్లే. 2019లో ఇంక్యుబేటర్ అని ఆడవాళ్లు నడిపే క్రాస్‌వర్డ్‌లు మొదలైనయి. యూఎస్ఏ టుడే పత్రికల ఎరిక్ అగార్డ్ ఎడిటర్ అయినంక నల్లజాతి వాళ్ల పేర్లు, వంటలు, పాటలు మామూలు జవాబులైనయి. అర్జీలు పెట్టుకుంటూనే, సొంతంగా తయారు చేసి చూపించిన్రు. మనకు ఈ రెండో తొవ్వ ముఖ్యం.

"ఆటే గదా అన్నా, ఇంత ఎందుకు?" అని మీరు అడగొచ్చు. ఆట కాబట్టే అంటున్న. ఇదే పద్ధతి పరీక్షల్లకు పోతే బతుకు మీద పడతది. అమెరికాల ఎస్ఏటీ పరీక్షల ఒక పాత ప్రశ్న చాలా పేరుపడ్డది. పరుగు పందెగాడికి మారథాన్ ఎట్లనో, పడవ తెడ్డు వేసేటోడికి ఏది అట్ల అని. జవాబు రెగెట్టా, అంటే పడవల పందెం. కలవారి పిల్లలకు అది చిన్నప్పటి నుంచి తెలిసిన మాట. బీద పిల్లలకు తెలివి ఉన్నా మాట తెల్వదు. తెలివిని కొలుస్తున్నం అనుకుంటూ ఇంటి వాతావరణాన్ని కొలిచిన్రు. అట్లాంటి జతల ప్రశ్నలను 2005లో ఆ పరీక్ష నుంచి తీసేసిన్రు. మన దగ్గర? శామీర్‌పేట నల్సార్ల సీటు కావాలంటే క్లాట్ రాయాలె, క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటది. మనం రాసే రీజనింగ్ పేపర్ల కూడా "భిన్నమైనది ఏది" అన్నప్పుడు, ఎవరి ఇంట్ల సామాను, ఎవరి పండుగ, ఎవరి వాయిద్యం అడుగుతున్నరో ఈసారి జర చూడండి. గడినుడి అలవాటైతే మీకు ఒక కన్ను తెరుచుకుంటది. ప్రశ్న చూడగానే, దీన్ని రాసినోడు నాకు ఏం తెలుసనుకుంటున్నడు అని ఆలోచన వస్తది. జవాబు కంటే ఆ ఆలోచన ఎక్కువ పనికొస్తది.

ఇప్పుడు అవతలి పక్క మాట. "మీ గోండి మాటలు, మీ గూడెం పేర్లు పెడితే వేరేవాళ్లు ఎట్ల నింపుతరు? అది మాత్రం అందరిదీ అయితదా?" అని ఎవరన్నా అడిగితే కోపం తెచ్చుకోకండి. మంచి ప్రశ్న. దీనికి జవాబు గడినుడి లోపలే ఉంది. ఒక మాట తెల్వకపోయినా, దాన్ని దాటుకుంటూ పోయే మాటలు తెలిస్తే అక్షరాలు వాటంతట అవే వచ్చి కూసుంటయి. ఈ ఆటల ఉన్న గొప్పతనం ఇదే. తెల్వని మాటను తెలిసిన మాట చెయ్యి పట్టి లాక్కొస్తది.

కానీ తెల్వని మాట మీద ఇంకో తెల్వని మాటను దాటిస్తే ఆ గడి ఎప్పటికీ ఖాళీనే. దీనికి అమెరికా వాళ్లు పేరు కూడా పెట్టిన్రు, నేటిక్ అని. నేటిక్ మసాచుసెట్స్ రాష్ట్రంల ఒక ఊరు. ఒక క్రాస్‌వర్డ్‌ల ఆ ఊరి పేరు ఒక చిత్రకారుడి పేరును మొదటి అక్షరం దగ్గర దాటింది. రెండూ తెల్వనోళ్లకు ఆ ఒక్క గడి దొరకలేదు. అప్పటి నుంచి అట్లాంటి గడికి అదే పేరు. మన నియమం కూడా ఇదే కావాలె. మార్లవాయిని జోడేఘాట్‌తోటి దాటించి పట్నం పిల్లగాన్ని ఓడించొద్దు. జలధిని తిరువయ్యూరుతోటి దాటించి గూడెం పిల్లను ఓడించొద్దు. మార్లవాయిని అమ్మ, అన్నం, బడి లాంటి మాటలతోటి దాటించండి. అప్పుడు పట్నం పిల్లగానికి మార్లవాయి అనే మాట మొదటిసారి దొరుకుతది. 2021లో పద్మశ్రీ వచ్చిన గుస్సాడి కనకరాజుది ఆ ఊరే అని ఆధారంల రాస్తే, రెండు నిమిషాల ఆటల ఒక మనిషి, ఒక ఊరు, ఒక నాట్యం తెలిసిపోతయి. అందరినీ కలుపుకోవడం అంటే సులువు చేయడం కాదు. ఎవరినీ ఒంటరి గడిల వదిలేయకపోవడం.

మన భాషలు తెలుగు పక్కన పెరిగినయి కాబట్టి మనకు ఇంకో సౌకర్యం ఉంది. ఒకే మాట రెండు భాషల్ల రెండు అర్థాలు ఇస్తది. గడినుడి రాసేటోనికి ఇంతకంటే ఏం కావాలె? చూడండి:

తెలుగోళ్లకు వాగు, కోయోళ్లకు నీళ్లు (2). జవాబు ఏరు.

తెలుగు పొలంల మొలక, కోయ నోట ఊరు (2). జవాబు నారు.

"మావ నాటే మావ రాజ్" అని మనం ఇచ్చే నినాదంల నాటే అన్నది ఈ ఊరు మాటే. ఈ రెండు ఆధారాలు తెలుగు పిల్లకు సగం అందుతయి, కోయ పిల్లకు సగం అందుతయి. ఇద్దరూ పక్కపక్కన కూసుంటే మొత్తం అందుతయి. ఒకరు లేకుండా ఒకరు ముందుకు పోలేరు. నాకైతే దీనికంటే మంచి పాఠం బడిల ఎవరూ చెప్పలేదు.

సరే, మాటలు చాలు, పని చూద్దాం. తెల్ల కాగితం మీద అడ్డం మూడు, నిలువు మూడు గళ్లు గీయండి. నడుమ గడి నల్లగా నింపండి. ఇప్పుడు మీకు నాలుగు మాటలు కావాలె. పైన ఒకటి, కింద ఒకటి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. మూల గళ్లల్ల మాటలు కలవాలె, అంతే షరతు. నేను పైన అడవి అని పెట్టుకున్న. అప్పుడు ఎడమ పక్క మాట అ తోటి మొదలుకావాలె, కుడి పక్కది వి తోటి. వెతికితే ఇట్ల కుదిరింది:

అ | డ | వి
ర | ■ | త్త
క | థ | నం

అడ్డం 1 అడవి, అడ్డం 3 కథనం, నిలువు 1 అరక, నిలువు 2 విత్తనం. నాలుగూ అందరికీ తెలిసిన తెలుగు మాటలే. ఇందులో కోయ మాట లేదు, గోండి మాట లేదు. మరి ఇది మన గడినుడి ఎట్లయింది? ఆధారాలు చదవండి.

అడ్డం 1: జల్, జమీన్‌ల నడుమ ఉండేది, తెలుగులో (3)
అడ్డం 3: మన గురించి పేపర్ల వేరేవాళ్లు రాసేది (3)
నిలువు 1: ఎడ్లు లాగితే నేల తెరిచేది (3)
నిలువు 2: ఆకలైనా తినకుండా దాచుకుంటేనే వచ్చే ఏడు తిండి (3)

అడవికి "పులులు, సింహాలు ఉండే చోటు" అని రాయొచ్చు, అదీ తప్పు కాదు. కానీ అడవి అనంగనే మృగాలు గుర్తొస్తయా, కొమురం భీం గుర్తొస్తడా అన్నది ఆధారం రాసేటోని ఇష్టం. విత్తనానికి "నాటితే మొలిచేది" అని పుస్తకం రాస్తది. ఆకలైనా గింజ దాచిన ఇంట్ల పుట్టినోళ్లు ఇంకో తీరు రాస్తరు. మూడు గళ్ల ఆటల కూడా ఎవరి బతుకు వాళ్లకు బయటపడతది.

ఇంగ్లీషు మినీ లాగ ఐదు గళ్లు మొత్తం నింపాలని చూడకండి. ఇంగ్లీషుకు ఉన్నవి 26 లెటర్లు. మనకు గుణింతాలు, ఒత్తులు కలిస్తే వేలల్ల అక్షరాలు. అన్ని వైపులా కలవడం కష్టం. నల్ల గళ్లు ఎక్కువ పెట్టుకోండి, మాటలు చిన్నవి తీసుకోండి. దాటే గళ్లు తక్కువైతే ఆధారం మీద బరువు పెరుగుతది. అందుకని ఆధారాన్ని సూటిగా రాయండి, తెలివి చూపించుకోవడానికి కాదు.

ఫోన్‌ల చేయాలనుకునే టెక్ తమ్ముళ్లకు ఒక మాట. విత్తనంల త్త అన్నది మనకు ఒక అక్షరం, ఒక గడి. కంప్యూటర్‌కు చాలా కాలం అది రెండు ముక్కలు, త్ ఒకటి, త ఒకటి. అందుకే ఇంగ్లీషు యాప్‌ల తెలుగు పోస్తే ఒత్తు ఒక గడిల, అక్షరం ఒక గడిల పడేది. 2023 సెప్టెంబరుల వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు ఒత్తక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం చేర్చిన్రు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఆ నియమాన్ని పాటిస్తుందో లేదో ముందే చూసుకోండి. గోండికి అయితే సొంత లిపులే ఉన్నయి. మంగళ్‌సింగ్ మాసారం చేసిన లిపి 2017లో, మన ఆదిలాబాద్ గుంజాల ఊరి లిపి 2018లో యూనికోడ్‌ల చేరినయి. అంటే గుంజాల గోండిల మినీ గడినుడి చేయడానికి ఇప్పుడు అడ్డం ఏం లేదు, చేసే మనిషి తప్ప. చూపు లేని తమ్ముళ్ల కోసం గళ్ల బొమ్మతో పాటు ఆధారాలను టైపు చేసిన అక్షరాల్ల కూడా పెట్టండి. ఫొటో మాత్రమే పెడితే వాళ్ల ఫోన్ చదవలేదు.

చదువు రాని పెద్దోళ్ల సంగతి మర్చిపోవద్దు. నిజానికి వాళ్లే మనకు గురువులు. పొడుపుకథ అంటే ఏంది? గళ్లు లేని ఆధారమే గదా. రాత్రి పొయ్యి కాడ మా అమ్మమ్మ పొడుపుకథ వేస్తే మేం గంటసేపు కొట్టుకునేటోళ్లం. ఆమెకు సంతకం రాదు. కానీ వస్తువును పేరు పెట్టకుండ చెప్పుడు, తప్పుతోవ పట్టించుడు, చివరికి నవ్విచ్చుడు, ఈ మూడు ఆమెకు వచ్చినంత బాగ నాకు ఇప్పటికీ రావు. ఏ పత్రిక ఎడిటర్‌కన్నా కావాల్సిన పనితనం అదే. కాబట్టి ఊరికి పోయినప్పుడు ఒక మాట తీసుకపోయి, "దీన్ని పొడుపుకథల ఎట్ల చెప్తవు?" అని అడగండి. ఆధారం వాళ్లది, గళ్లు మీవి. పేరు మాత్రం ఇద్దరిదీ రాయండి.

చివరి ఆక్షేపణ ఇంకోటి ఉంది, అది మనోళ్ల నుంచే వస్తది. "పోడు పట్టాలు పెండింగ్‌ల ఉన్నయి, హాస్టళ్లల్ల సార్లు లేరు, మీకు గళ్ల ఆటలు కావాల్సి వచ్చిందా?" నిజమే. గడినుడి నింపితే పట్టా రాదు. 2006 అటవీ హక్కుల చట్టం కొట్లాటతోటి వచ్చింది, ఆటతోటి కాదు. ధర్నా ఉన్ననాడు ధర్నాకే పోదాం. కానీ బస్సుల ఉన్న రెండు నిమిషాలు ధర్నావి కావు గదా, అవి ఎట్లాగూ ఎవడో ఒకడు తీసుకపోతున్నడు. ఆ రెండు నిమిషాల్ల మన పిల్లకు తన మాట అచ్చుల కనిపిస్తే, "నాకు నాలెడ్జ్ రాదు" అన్న మాట నోట్లకెల్లి రాదు. ఆ మాట రాని పిల్ల రేపు గ్రామసభల లేచి నిలబడి అడుగుతది. మన తాతలు దొరల గడీలు చూసి భయపడకుండ నిలబడ్డరు. మనం ఈ చిన్న గడులు చూసి వెనక్కి తగ్గుతమా?

ఇగ మీ పని. ఈ వారం ఒక్క మూడు గళ్ల గడినుడి చేయండి. నాలుగే నియమాలు.

ఒకటి, కనీసం ఒక్క ఆధారం మీ ఊరిది, మీ ఇంటిది కావాలె. కోయ, గోండు, కొలాం, చెంచు, లంబాడా, ఎరుకల, ఎవరైనా సరే.

రెండు, తెల్వని మాటను తెలిసిన మాటతోటే దాటించండి. వేరే తెగ దోస్తుకు, తెగ కాని దోస్తుకు ఇచ్చి నింపించి చూడండి. ఆగిపోయిన గడి దగ్గర ఆధారం మార్చండి, దోస్తును వెక్కిరించకండి.

మూడు, మన భాష మాట పెడితే ఏ భాషో రాయండి. తెలుగు లిపిల ఒక్కో ఊర్ల ఒక్కో తీరు రాస్తరు, అందుకని పెద్దోళ్ల నోట విని అక్షరాలు ఖాయం చేసుకోండి.

నాలుగు, ఏ జాతి పేరునూ, ఏ కులం పేరునూ, ఏ మనిషి ఒంటి లోపాన్నీ తిట్టుకు అర్థంగా రాయొద్దు. మనల్ని అన్నరని మనం ఇంకొకళ్లను అనొద్దు.

చేసిన దాన్ని ఇక్కడ కింద పెట్టండి. కాగితం మీద పెన్సిల్‌తోటి గీసి ఫొటో తీసినా సరే, ఆధారాలు మాత్రం టైపు చేయండి. నింపినోళ్లు జవాబులు వెంటనే బయటపెట్టకండి, ఒక రోజు ఆగండి. మంచివి ఏరి, ప్రింటు తీసి, మేడ్చల్, శామీర్‌పేట దిక్కు హాస్టళ్లల్ల మన చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పంచుదాం. వాళ్లు నింపుతరు, తప్పులు పడతరు, రెండు నెలలకు వాళ్లే కొత్తవి రాసి మనకు ఇస్తరు.

మొదటిది నేను పెడుతున్న. కూడినప్పుడు ఊరు, విడిపోతే ఒంటరి పొయ్యి. రాజు లేడు, జెండా లేదు, కానీ దీని తీర్మానం లేనిదే మన భూమి ఎవరూ తీసుకోవద్దని మనం అంటం (4). జవాబు ఇందాకనే ఒకసారి చదివిన్రు. దొరికితే దాని చుట్టూ మూడు మాటలు మీరు అల్లండి.

జై జోహార్.